ఊగే కుర్చీకి బెల్టు బిగించిన బావ

కంటికి కనిపించిన ఏ పట్టీనైనా ఒక్కసారి గట్టిగా గుంజి చూడందే మా బావ ముందుకు కదిలేవాడు కాదు. అది చేతిసంచి పట్టీ కావచ్చు, గడియారం పట్టీ కావచ్చు, పక్కింటి కుక్క మెడపట్టీ కావచ్చు. గుంజేవాడు. నిలిస్తే "పట్టింది" అనేవాడు. తెగితే "నా చేతిలో తెగింది కాబట్టి బతికిపోయారు" అనేవాడు. తెగిన పట్టీ పట్టుకుని నిలబడ్డ మనిషికి తను ఎలా బతికిపోయాడో అర్థమయ్యేలోపు బావ ఇంకో పట్టీ దగ్గర ఉండేవాడు.

బావంటే మా అక్క మొగుడు. కార్లలో సీటు బెల్టులు బాగుచేయడం వృత్తి. మిగతా మెకానిక్కులు కారు ఎలా నడుస్తుందో చూస్తారు. కారు హఠాత్తుగా ఆగితే లోపలి మనిషి ఎలా ఆగుతాడో మా బావ చూసేవాడు. ఊళ్ళో అందరూ గుంజుడు మేస్త్రి అనేవారు. నేను చెప్పేవన్నీ జరిగినవే. అబద్ధం చెబితే నాలుక మీద పుండు లేస్తుందని చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు చెప్పారు. ఇన్నేళ్ళొచ్చినా నా నాలుక నున్నగానే ఉంది.

మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడే తన బుద్ధి చూపించాడు. మా నాన్నకి ప్యాంటు జారకుండా భుజాల మీదుగా రెండు పట్టీలు వేసుకునే అలవాటు. బావ నమస్కారం పెట్టి, ఆ పట్టీల వంక చూస్తూ కాసేపు తట్టుకున్నాడు. తర్వాత తట్టుకోలేకపోయాడు. ఎడమ పట్టీ ఫట్‌మంది. మా నాన్న మాత్రం ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో బావ భుజం తట్టి, ఏది ఎప్పుడు తెగుతుందో ముందే చెప్పే మనిషి ఇంట్లో ఒకడుంటే మంచిదన్నాడు. అలా మా అక్క పెళ్ళి కుదిరింది.

నా పెళ్ళి ఫోటోల్లో ఒకటి పూర్తిగా ఆకాశం. ఫోటోగ్రాఫరు మెడలో కెమెరా పట్టీ కాస్త నలిగినట్టు బావకి అనిపించిన క్షణం అది. ఇంకోసారి రోడ్డు మీద బండ్లు తనిఖీ చేస్తున్న పోలీసు ఇన్‌స్పెక్టరు నడుం బెల్టు కూడా గుంజాడు. ప్యాంటు కింద పడలేదు, పరువు పడింది. ఆ ఇన్‌స్పెక్టరు తర్వాత తన కారు బెల్టులన్నీ బావ దగ్గరే చూపించుకున్నాడు. కాకపోతే షాపుకి వచ్చినప్పుడల్లా నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడేవాడు. పక్కింటి కుక్క సంగతి చెప్పనే అక్కర్లేదు. బావ వీధి మలుపు తిరగ్గానే అది తనంతట తనే మెడ పక్కకి వంచి నిలబడేది.

షాపు ఇరుకు సందులో రేకుల షెడ్డు. లోపల ఈ గోడ నుంచి ఆ గోడకి తాళ్ళు, తాళ్ళ మీద ఆరేసిన బెల్టులు. మురికి పట్టిన బెల్టుని చివరికంటా బయటికి లాగి, వెనక్కి చుట్టుకోకుండా క్లిప్పు పెట్టి, గోరువెచ్చని సబ్బు నీళ్ళతో తుడిచి, నీడలో ఆరనిచ్చేవాడు. తడి బెల్టు లోపలికి చుట్టుకుంటే బూజు పడుతుందట. ఎండలో వేస్తే నేత బలం పోతుందట. ఎవరైనా బ్లీచింగు పొడి పేరెత్తితే చెవులు మూసుకునేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ షెడ్డులోకి తొంగిచూసి, పాములు పట్టేవాళ్ళ ఇంటికొచ్చామేమోనని వెనక్కి తగ్గేవారు.

బెల్టు సరిగా చుట్టుకోవడం లేదని వచ్చిన కార్లలో సగానికి రోగం ఒకటే. భుజం పైన బెల్టు దూరే కొక్కెం దగ్గర చెమట, జిడ్డు పేరుకుని ఉండేది. గుడ్డతో తుడిచి పంపేవాడు. బకిల్ పట్టడం లేదని వచ్చినవాటిలో బిస్కెట్టు ముక్కలు, చాక్లెట్టు కాగితాలు బయటపడేవి. ఒకాయన బకిల్లో దువ్వెన పన్ను దొరికింది. ఆయనకి పూర్తిగా బట్టతల. కారులో ఆయన పక్కన ఎవరు కూర్చుంటున్నారని ఆయన భార్య అక్కడికక్కడే విచారణ మొదలుపెట్టింది. బావ ఆ దువ్వెన పన్ను జేబులో వేసుకుని, అది తన షాపులోదేనని సాక్ష్యం చెప్పాడు.

ఒక విషయంలో మాత్రం రాయి. ప్రమాదంలో ఒకసారి మనిషిని ఆపిన బెల్టుని మళ్ళీ ఎవరికీ బిగించేవాడు కాదు. చూడ్డానికి కొత్తగానే ఉందిగా అని టాక్సీవాళ్ళు బతిమాలేవారు. పైకి కనపడకపోయినా లోపల నేత సాగిపోయి ఉంటుందని, దాని పని అది చేసేసిందని, ఇంకోసారి చెయ్యమనడం అన్యాయమని చెప్పి, వాళ్ళ కళ్ళ ముందే పెద్ద కత్తెరతో రెండు ముక్కలు చేసేవాడు. వాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళేవారు, మళ్ళీ వచ్చేవారు.

అసలు ఇది ఎలా పట్టుకుంటుందని ఒకసారి అడిగాను. బావ ఒక బెల్టు చివర నా చేతికిచ్చాడు.

"మెల్లగా లాగు."

లాగాను. జర్రుమంటూ ఎంత కావాలంటే అంత వచ్చింది.

"ఇప్పుడు గుంజు."

గుంజాను. టక్కుమని బిగుసుకుంది. వేలెడు కూడా రాలేదు.

"అంతేరా. మెల్లగా అడిగితే ఇస్తుంది. లాక్కోబోతే ఇవ్వదు. అచ్చం మీ అక్కే."

బెల్టు చుట్టుకునే డబ్బా విప్పి చూపించాడు. లోపల చిన్న గిన్నెలాంటి గుంటలో ఒక ఉక్కు గోళీ. కారుకి గట్టి బ్రేకు పడినా, కారు బాగా ఒరిగినా ఆ గోళీ పైకి దొర్లి ఒక మీటని ఎత్తుతుంది. మీట పోయి పళ్ళ చక్రానికి అడ్డం పడుతుంది. ఇక డబ్బా బెల్టుని వదలదు. మళ్ళీ కారు సమంగా నిలిచి, మనిషి వెనక్కి వాలి బెల్టుని కాస్త వదులు చేస్తే, గోళీ గుంటలోకి దిగుతుంది, బెల్టు మెత్తబడుతుంది.

తన కారులో ఎవరెక్కినా బెల్టు పెట్టుకుని, గుంజి, "పట్టింది" అని చెబితే గానీ తాళం తిప్పేవాడు కాదు. మా పెద్దనాన్నని స్టేషనుకి తీసుకెళ్ళిన రోజు ఈ తతంగం ముగిసేసరికి రైలు వెళ్ళిపోయింది. రైల్లో బెల్టులుండవు, ఎక్కకపోవడమే మంచిదైందని బావ ఆయన్ని ఓదార్చాడు.

ఇలాంటి మనిషికి మా అమ్మ లాంటి అత్తగారు దొరకడం దైవలీల.

అమ్మ బట్టలు కుట్టేది. ముఖ్యంగా చొక్కాలకి కాజాలు. ఆమె చేత్తో తీసిన కాజాలో బొత్తాం దూరిస్తే అది అడిగి లోపలికి వెళ్ళినట్టుండేది. అలాంటి అమ్మ ఒక ఏడాది నా చొక్కా జేబు మూతిని చొక్కాతో కలిపి కుట్టేసింది. ఆ తర్వాత నా పైజామా కాలు ఒకటి చివర మూసేసింది. తెల్లవారే అందులో కాలు దూర్చి నేను గదంతా గెంతుతుంటే, ఈ వయసులో వ్యాయామం మంచిదేనంది. అప్పుడు గానీ మాకు అర్థం కాలేదు, ఆమెకి కళ్ళు కనిపించడం లేదని. రెండు కళ్ళకీ శుక్లాలు. ఒకటి అప్పటికే ఉడికిన గుడ్డులా తెల్లబడింది.

కళ్ళ డాక్టరు ఉండేది కొండదారి దాటాక పెద్ద ఊళ్ళో. మా ఊరి డాక్టరు రాసిన చీటీ చూసి, బాగా ముదిరిపోయిందని, ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ చేసినా చూపు వస్తుందని చెప్పలేనని, వచ్చే నెలలో తీసుకురమ్మని కబురు పంపాడు. ఆ దారిలో బస్సులు మానేసి చాలా కాలమైంది. వెళ్తే కారులోనే వెళ్ళాలి. కారంటే బెల్టు. బెల్టంటే అమ్మ.

అంతకు రెండేళ్ళ ముందు అమ్మ ఎక్కిన టాక్సీ ఒకటి రోడ్డు పక్క కాలువలోకి ఒరిగిపోయింది. ఎవరికీ గీత కూడా పడలేదు. కానీ కారు పక్కకి వాలిపోయి, బెల్టు బిగుసుకుని, అమ్మ అందులో వేలాడుతూ ఉండిపోయింది. డ్రైవరు బయట ఏడుస్తున్నాడు. లోపల అమ్మ శాలువా మడత బకిల్‌ని కప్పేసింది, దాని ఎర్ర బటన్ ఎవరికీ దొరకలేదు. చివరికి ఎవరో కత్తితో బెల్టు కోసి దించారు. అది ఆమెని కాపాడిందని బావ అంటే, కాపాడిందో లేదో తెలియదు గానీ ఊపిరి మాత్రం ఆపిందని అమ్మ అనేది. ఆ తర్వాత కారు ఎక్కలేదు. బావ షాపు ఉన్న సందులోకి కూడా పోయేది కాదు. ఇంట్లో బావ దేన్నైనా గుంజి "పట్టింది" అంటే ఆమె భుజాలు ఉలిక్కిపడేవి.

ఆపరేషన్ మాట ఎత్తగానే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో అక్క.

"గుడ్డిదాన్నయినా ఫరవాలేదు అల్లుడుగారూ, ఆ పాముని మాత్రం ఒంటికి చుట్టుకోను."

"మీరు బెల్టు పెట్టుకోకపోతే కారు కదలదు అత్తయ్యగారూ."

"నన్ను పడుకోబెట్టి తీసుకెళ్ళండి."

"పడుకున్నవాళ్ళు ఇంకా దూరం ఎగిరిపడతారండి."

అక్క ఇద్దరికీ చెప్పి చూసింది. ఒక్కసారికి వదిలెయ్యమని మొగుణ్ణి, ఒక్కసారికి పెట్టుకోమని తల్లిని. ఆ రాత్రి ఇద్దరూ అన్నాలు తినలేదు. పంతానికి కాదు. ఇద్దరికీ భయంగానే ఉంది. బెల్టు లేకుండా కారెక్కించడం ఆయన చేత కాదు, బెల్టు కట్టుకుని ఊపిరి తియ్యడం ఆమె చేత కాదు.

మర్నాడు బావ ఒక పాత బెల్టు డబ్బా, బకిల్, బోల్టులు ఇంటికి తెచ్చాడు. వరండాలో అమ్మకిష్టమైన ఊగే కుర్చీ ఉంది. దాని వీపుకి డబ్బా బిగించాడు, పక్కన బకిల్ బిగించాడు. బోల్టు ఎంత బిగువుండాలో కొలిచే పానాతో కొలిచి మరీ బిగించాడు, అదేదో కుర్చీ కొండెక్కబోతున్నట్టు. ఎందుకని అడిగితే, కస్టమరు డబ్బా ఒకటి పరీక్షిస్తున్నానన్నాడు. షాపు పిచ్చి ఇంటిదాకా వచ్చిందని అక్క నెత్తి కొట్టుకుంది. ఇక ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనమవగానే బావ ఆ కుర్చీలో బెల్టు పెట్టుకుని కూర్చుని పేపరు చదివేవాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవారు. ఇంటికి స్పీడు ఎంతండీ అని పాలవాడు అడిగాడు. బావ తల ఎత్తకుండా, గేరులో లేదయ్యా అన్నాడు.

నాలుగైదు రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం అక్క బజారుకి వెళ్ళింది. నేను లోపల గడ్డం గీసుకుంటున్నాను. వరండాలోంచి కేక వినిపించింది.

"అత్తయ్యగారూ, ఒకసారి రండి. ఇరుక్కుపోయాను."

సగం గడ్డం నురగతోనే పరిగెత్తాను. కుర్చీ వెనక్కి వాలిపోయి ఉంది, బావ కాళ్ళు గాల్లో ఉన్నాయి, పేపరు కింద పడింది, బెల్టు గుండెకి అడ్డంగా బిగుసుకుని ఉంది. నాకు వెంటనే తట్టింది. కుర్చీ ఊగి వెనక్కి ఒరిగితే డబ్బాలో గోళీ దొర్లుతుంది కదా. లోకంలో బెల్టులన్నీ గుంజి చూసిన పెద్దమనిషి, ఊగే కుర్చీ ఊగుతుందన్న సంగతి మరిచిపోయాడు. నవ్వాపుకుంటూ ముందుకి అడుగేశాను.

"నువ్వు రాకు. తడి చేతులు, సబ్బు నురగ. బకిల్లోకి పోతే పాడైపోతుంది. పోయి గడ్డం గీసుకో."

గడప దగ్గరే ఆగిపోయాను. అమ్మ అప్పటికే వచ్చేసింది. కుర్చీకి కాస్త దూరంలో నిలబడి, చీకట్లో ఉన్నట్టు చేతులు ముందుకి చాపింది. ఆమెకి కనిపించేది మసక మసకగా ఒక మనిషి ఆకారం, అంతే.

"ఊపిరాడుతోందా అల్లుడుగారూ?"

"ఆడుతోందండి. గాభరా పడకండి. ముందు కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా ముందుకి వంచండి."

అమ్మ తడుముకుంటూ కుర్చీ చెయ్యి పట్టుకుంది. వంచింది. కుర్చీ సమంగా నిలిచింది. బావ వీపు వెనక్కి ఆనించాడు. జర్రుమంటూ బెల్టు మెత్తబడింది. ఆ శబ్దానికి అమ్మ చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది, కుర్చీ మళ్ళీ వెనక్కి వాలింది, టక్కుమంది. అమ్మ మళ్ళీ ముందుకి వంచింది. జర్ర్. ఈసారి కావాలనే వదిలింది. టక్. మా అమ్మ అలా అల్లుణ్ణి ఎంతసేపు ఊపిందో చెప్పలేను. ఉయ్యాల్లో పిల్లవాణ్ణి ఊపినట్టు ఊపింది. బావ కిక్కురుమనకుండా ఊగాడు.

"ఏం చేస్తే పట్టుకుంటుందో, ఏం చేస్తే వదులుతుందో దీనికి ఒక పద్ధతుందన్నమాట" అంది చివరికి.

"ఉందండి. ఇప్పుడు కుర్చీ పక్కన తడమండి. బటన్ ఉంటుంది. నొక్కండి."

తడిమింది. దొరికింది. నొక్కింది. బకిల్ క్లిక్కుమని ఊడి, బెల్టు జర్రుమని లోపలికి పోయింది. అమ్మ ఆ బటన్‌ని ఇంకోసారి నొక్కి చూసింది.

"ఇంతేనా?"

"ఇంతేనండి."

"మరి ఆ డ్రైవరు వెధవ ఎందుకంత ఏడ్చాడు?"

మర్నాడు మధ్యాహ్నం ఆ కుర్చీలో అమ్మ కూర్చుంది. బెల్టు తనే మెల్లగా లాక్కుంది. శాలువా తీసి ఒళ్ళో పెట్టుకుంది.

గుంజుడు మేస్త్రి తన బెల్టులో తనే ఇరుక్కున్నాడన్న వార్త ముందురోజు సాయంత్రానికే ఊరంతా పాకింది. పాకించింది నేనే. క్షౌరశాలలో చెప్పినప్పుడు ఉన్నదున్నట్టే చెప్పాను. పోస్టాఫీసు దగ్గరికి వచ్చేసరికి ఫైరింజను వచ్చింది. మార్కెట్టులో చెప్పేటప్పటికి కుర్చీని బావతో సహా ఆస్పత్రికి మోసుకెళ్ళారు. షాపుకి వచ్చిన ప్రతివాడూ బావని చూసి, బయటికెలా వచ్చావు మేస్త్రీ అని అడిగేవాడు. ఆ పోలీసు ఇన్‌స్పెక్టరు ప్రత్యేకంగా వచ్చి, నడుం మీద చేతులు తీసి మరీ నవ్వి పోయాడు. బావ ఎవరికీ జవాబు చెప్పలేదు. ఎంత గొప్ప పనివాడికైనా ఒక పొరపాటు తప్పదని నేను అందరి ముందూ జాలిపడ్డాను.

ఆపరేషన్ రోజు వచ్చింది. కారు నేను నడిపాను. వెనక సీట్లో అమ్మ, పక్కన బావ, ముందు నా పక్కన అక్క. అమ్మ బెల్టు పెట్టుకుని, గుంజి, "పట్టింది" అంది. కొండదారి సగంలో ఒక మలుపు దగ్గర మేకల మంద అడ్డొచ్చింది. బ్రేకు తొక్కాను. వెనక నుంచి టక్కుమని శబ్దం. వెనక్కి తిరిగి చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు.

మెల్లగా జర్రుమంది.

"పట్టింది. వదిలింది. నువ్వు రోడ్డు చూడరా" అంది అమ్మ.

ముదిరిన కన్నుకే ముందు ఆపరేషన్ చేశారు. కట్టు విప్పగానే అమ్మ మొదట నన్ను చూసి, నీ జుట్టంతా ఎక్కడ పారేసుకున్నావురా అని అడిగింది. తర్వాత అక్కని చూసి, చిక్కిపోయావంది. బావని మాత్రం తేరిపార చూసింది, అంతే.

ఇంటికి వచ్చాక తిన్నగా వరండాలోకి వెళ్ళింది. ఊగే కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి బోల్టులు చూసింది, బకిల్ చూసింది, ఎర్ర బటన్ చూసింది. అప్పటిదాకా చేత్తో తడిమిందే గానీ, ఆ కుర్చీకి ఏది ఎక్కడుందో కంటితో చూడటం అదే మొదలు.

"అల్లుడుగారూ, ఒకసారి ఇందులో కూర్చోండి."

బావ కూర్చున్నాడు. బెల్టు పెట్టుకోమంది. పెట్టుకున్నాడు. కుడి చెయ్యి తనంతట తనే కిందికి దిగి, సరిగ్గా ఎర్ర బటన్ మీదకి వచ్చి ఆగింది. కుర్చీ ఎంత వాలినా, బెల్టు ఎంత బిగిసినా, ఆ బటన్ ఆ చేతికి అందకపోయే మార్గం లేదు.

నేను ఊరంతా తిరిగి చెప్పిన కథ నాకు అప్పుడు అర్థమైంది.

"ఆ రోజు ఈ చెయ్యి ఎక్కడుంది?" అంది అమ్మ.

"పేపరు పట్టుకున్నానండి."

"పేపరు కింద పడింది. చప్పుడు విన్నాను."

బావ "వీపు దురదపెడితే గోక్కుంటున్నానండి" అన్నాడు. లోకంలో ఇంత నాసిరకం అబద్ధం నేను వినలేదు. వృత్తిరీత్యా నాకు సిగ్గేసింది.

"ఊరంతా నవ్వుతుంటే ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"చెబితే మీకు తెలిసిపోతుంది కదండీ."

బావ భుజం దగ్గర బెల్టు కొంచెం మెలిపడి ఉంటే అమ్మ సరిచేసింది.

"సరే, ఈసారి ఇరుక్కున్నా నన్నే పిలవండి. వస్తాను" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే బావ మళ్ళీ ఇరుక్కున్నాడు. అమ్మ కాఫీ తీసుకుని వెళ్ళింది.